థండర్ గొప్పదా, బుల్స్ గొప్పదా? బాస్కెట్‌బాల్ తూకంలో తేడా ఎక్కడ వస్తోంది

క్లుప్తంగా: ఒక్క సీజన్‌లో జట్టు చూపించిన ఆధిపత్యాన్ని, ఒక ఆటగాడి స్కోరింగ్‌ను పాత కాలంతో పోల్చడానికి దారి ఉంది. ఆట వేగం, ఆనాటి స్కోరింగ్ స్థాయి లెక్కలోకి తీసుకుంటే ఇప్పటి ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) జట్లు, స్టార్లు పాతవాళ్లకు బాగా దగ్గరగా ఉన్నారు. టైటిళ్ల సంఖ్యను మాత్రం అలా సరిచేయడం కుదరదు. జట్లు ఎన్ని, ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే నాకౌట్ సిరీస్‌లు) ఎంత పొడవు, ఆటగాళ్ల జీతాలపై ఏ నిబంధనలున్నాయి అన్నవన్నీ మారిపోయాయి.

2024-25 సీజన్‌లో ఓక్లహోమా సిటీ థండర్ 82 మ్యాచ్‌ల్లో 68 గెలిచింది. సగటున ఒక్కో మ్యాచ్‌లో ప్రత్యర్థి కంటే 12.9 పాయింట్లు ఎక్కువ చేసింది. లీగ్ చరిత్రలో ఇంత తేడా ఏ జట్టుకూ లేదు. 1971-72లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ 12.3తో నెలకొల్పిన రికార్డు అర్ధ శతాబ్దానికి పైగా చెక్కుచెదరకుండా ఉండి, చివరికి ఇలా పోయింది. థండర్ గార్డ్ షై గిల్జస్-అలెగ్జాండర్ సగటున 32.7 పాయింట్లతో స్కోరింగ్‌లో మొదటి స్థానం, ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డు), ఫైనల్స్ ఎంవీపీ మూడూ ఒకే ఏడాది అందుకున్నాడు. అంతకుముందు ఈ మూడూ కలిపి సాధించినవాళ్లు ముగ్గురే: కరీమ్ అబ్దుల్-జబ్బార్, మైఖేల్ జోర్డాన్, షకీల్ ఓనీల్.

అయినా ఈ జట్టును 1996 షికాగో బుల్స్ పక్కన పెడితే పాత అభిమానులు నవ్వేస్తారు. కొత్త తరం వాళ్లు 1960ల నాటి నలుపు తెలుపు వీడియోలు చూసి, ఆ ఆటగాళ్లు ఇవాళ కాలేజీ జట్టులో కూడా నిలవరంటారు. సచిన్, కోహ్లీల మీద మన దగ్గర తెగకుండా సాగే వాదన ఈ కోవలోదే. వన్డేల్లో రెండు ఎండ్ల నుంచీ చెరో కొత్త బంతి వచ్చాక చేసిన పరుగులను, అంతకుముందు చేసిన పరుగులను ఒకే తక్కెడలో ఎలా వేయాలన్నదే అక్కడా చిక్కు. బాస్కెట్‌బాల్‌లో ఆ చిక్కులో కొంత భాగం అంకెలతో విప్పుకోవచ్చు. మిగతాది విప్పలేం. ఏది ఏ భాగంలోకి వస్తుందో వేరు చేసుకోకపోవడం వల్లే గందరగోళం.

పెద్ద తేడా ఎవరిది?

1995-96 బుల్స్ 72 గెలిచి 10 ఓడింది. సగటు తేడా 12.2. పైకి చూస్తే థండర్‌దే పైచేయి. కానీ ఆ ఏడాది లీగ్‌లో ఒక జట్టు సగటు స్కోరు 99.5 పాయింట్లు. 2024-25లో అది 113.8. స్కోర్లు పెరిగినప్పుడు తేడాలు కూడా పెరుగుతాయి.

ఇందుకే విశ్లేషకులు మ్యాచ్‌ను కాకుండా పొసెషన్‌ను కొలమానంగా తీసుకుంటారు. ఒక జట్టు చేతికి బంతి వచ్చినప్పటి నుంచి అది ప్రత్యర్థి చేతికి పోయేదాకా ఒక పొసెషన్. 1995-96లో ఒక్కో జట్టుకు మ్యాచ్‌కు సుమారు 92 పొసెషన్లు దక్కేవి, 2024-25లో 99 దాకా దక్కాయి. వంద పొసెషన్లకు ఎంత ఆధిక్యం అని లెక్కిస్తే బుల్స్‌ది 13.4, థండర్‌ది 12.8. వరస తారుమారైంది. తేడా మాత్రం చాలా చిన్నది, ఇంత చిన్న తేడా మీద ఎవరూ గట్టిగా పందెం కాయలేరు.

ప్రత్యర్థుల బలం సంగతి చూస్తే లెక్క ఇంకొంచెం మసకబారుతుంది. 1995-96లో టొరంటో రాప్టర్స్, వాంకూవర్ గ్రిజ్లీస్ లీగ్‌లోకి కొత్తగా వచ్చాయి. రాప్టర్స్ 21 మ్యాచ్‌లు, గ్రిజ్లీస్ 15 మ్యాచ్‌లు మాత్రమే గెలిచాయి. అంతకు ఆరేడేళ్ల ముందే మరో నాలుగు జట్లు వచ్చి చేరడంతో ఉన్న ప్రతిభ పలచబడింది. బుల్స్ గొప్పను తగ్గించాలనుకునేవాళ్లు ఈ మాట తప్పకుండా ఎత్తుతారు. అయితే బుల్స్ ఓడిన ఆ పది మ్యాచ్‌ల్లో ఒకటి ఈ పసికూన రాప్టర్స్ చేతిలోనే, 109-108తో. థండర్‌కూ ఇలాంటి వెసులుబాటు ఉంది. లీగ్‌లోని రెండు విభాగాల్లో రెండోదైన ఈస్ట్ జట్లపై అది 30 మ్యాచ్‌లాడి 29 గెలిచింది. ఇక 1971-72 లేకర్స్ వరుసగా 33 మ్యాచ్‌లు గెలిచిన కాలంలో పోటీ లీగ్ ఏబీఏ కూడా నడుస్తోంది. జూలియస్ ఎర్వింగ్ లాంటి వాళ్లు ఆ లీగ్‌లో ఆడుతున్నారు.

ప్లేఆఫ్స్‌కు వస్తే బొమ్మ మారుతుంది. బుల్స్ 15 గెలిచి 3 ఓడింది. థండర్ 16 గెలిచి 7 ఓడింది. ముందుగా నాలుగు గెలిచినవాళ్లదే సిరీస్, డెన్వర్, ఇండియానా రెండూ దాన్ని ఏడో మ్యాచ్ దాకా లాగాయి. ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో 0.3 సెకన్లు మిగిలుండగా టైరీస్ హాలిబర్టన్ షాట్‌తో ఇండియానా గెలిచింది. ఆ మ్యాచ్ మొత్తంలో ఇండియానా ఆధిక్యంలో ఉన్నది ఆ 0.3 సెకన్లే. ఏడో మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే హాలిబర్టన్ మడమ నరం తెగింది. ఇవన్నీ కలిపి చూస్తే రెగ్యులర్ సీజన్‌లో రెండు జట్లూ సమానమనీ, మొత్తం ఏడాదికి బుల్స్ ఒక మెట్టు పైనుందనీ చెప్పడం న్యాయంగా ఉంటుంది.

గెలుపుల సంఖ్యను మాత్రమే నమ్మితే ఏమవుతుందో గోల్డెన్ స్టేట్ వారియర్స్ చూపించింది. 2015-16లో 73 గెలిచి బుల్స్ రికార్డు కొట్టింది, ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం నుంచి క్లీవ్‌లాండ్ చేతిలో ఓడింది. మరుసటి ఏడాది గెలుపులు 67కు తగ్గాయి, సగటు తేడా 10.8 నుంచి 11.6కు పెరిగింది, ప్లేఆఫ్స్‌లో 17 ఆడి 16 గెలిచింది. ఆ రెండింట్లో రెండోదే బలమైన జట్టు అనడంలో పెద్దగా వివాదం లేదు. రికార్డు పుస్తకంలో పేరు మొదటిది.

చాంబర్లిన్ 50.4 ను ఎలా చదవాలి

వ్యక్తిగత రికార్డుల్లో అన్నిటికంటే నమ్మశక్యం కానిది విల్ట్ చాంబర్లిన్‌ది. 1961-62 సీజన్‌లో అతడి సగటు 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు (పడని షాట్ తర్వాత బంతిని అందుకోవడం). 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు. విచిత్రం ఏమిటంటే ఆ ఏడాది ఎంవీపీ అతడికి రాలేదు, బోస్టన్ సెల్టిక్స్ ఆటగాడు బిల్ రసెల్‌కు వచ్చింది. అప్పట్లో ఓటు వేసేది ఆటగాళ్లే.

ఆ అంకె వెనక మూడు విషయాలున్నాయి. మొదటిది ఆడిన సమయం. మ్యాచ్ 48 నిమిషాలైతే చాంబర్లిన్ సగటు 48.5 నిమిషాలు. ఓవర్‌టైమ్‌లు కలవడం వల్ల అలా వచ్చింది, అంటే అతడు దాదాపు బెంచ్ మీద కూర్చోనే లేదు. గిల్జస్-అలెగ్జాండర్ 34 నిమిషాలే ఆడతాడు. రెండోది వేగం. అప్పుడు టర్నోవర్ల (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం) లెక్క రాసేవారు కాదు కాబట్టి కచ్చితంగా చెప్పలేం గానీ, మ్యాచ్‌కు ఒక్కో జట్టుకు 126 దాకా పొసెషన్లు ఉండేవని అంచనా. బంతి దొరగ్గానే పరుగు, పరుగెత్తగానే షాట్. మూడోది ఆ షాట్లు పడే తీరు. లీగ్ మొత్తం మీద 100 షాట్లలో 43 కూడా పడేవి కావు. పడనివి ఎక్కువైతే రీబౌండ్లు ఎక్కువవుతాయి. ఒక్కో జట్టుకు మ్యాచ్‌కు 70 దాకా రీబౌండ్లు వచ్చేవి, ఇప్పుడు 44.

ఇప్పుడు లెక్క వేద్దాం. అందరినీ 36 నిమిషాలకు కుదిస్తే చాంబర్లిన్ 37.4, జోర్డాన్ 1995-96లో 29.0, గిల్జస్-అలెగ్జాండర్ 2024-25లో 34.4. ఆట వేగాన్ని అందరికీ 100 పొసెషన్లకు సమానం చేస్తే చాంబర్లిన్ ఒక్కసారిగా 30 కిందికి పడిపోతాడు, జోర్డాన్ 31.6కు ఎక్కుతాడు, షై 34.8 దగ్గర నిలుస్తాడు. చాలామంది ఇక్కడే ఆగిపోయి 'చూశారా, పాతవాళ్లంతా గాలి లెక్కలు' అంటారు. ఇంకో మెట్టు మిగిలి ఉంది. చాంబర్లిన్ కాలంలో వంద పొసెషన్లకు ఒక జట్టు సగటున 94 పాయింట్లే చేసేది. జోర్డాన్ కాలంలో 107.6. ఇప్పుడు 114.5. పాయింటు దొరకడం కష్టమైన కాలంలో చేసిన పాయింటుకు విలువ ఎక్కువ. ఆ నిష్పత్తిలో సరిచేస్తే చాంబర్లిన్ 36, జోర్డాన్ 34, షై 35 దగ్గరకు వస్తారు.

మూడు తరాల స్కోరర్లు, రెండు పాయింట్ల తేడాలో. ఈ లెక్క స్థూలమైనదే. 1961-62 అంచనా కాస్త అటూఇటూ అయితే వరస మారిపోతుంది. పైగా 48 నిమిషాలూ ఆడే మనిషికి అలసట ఉంటుంది, 34 నిమిషాలు ఆడేవాడికి అంత ఉండదు, దాన్ని ఏ సూత్రమూ పట్టుకోదు. అయినా ఒక విషయం స్పష్టం: 50.4ను 32.7 పక్కన పెట్టి 'ఆహా ఎంత తేడా' అనడానికి ఆధారం లేదు.

ఆస్కార్ రాబర్ట్‌సన్ ట్రిపుల్ డబుల్ (మూడు అంశాల్లో రెండంకెల) సగటు కూడా ఆ 1961-62లోదే: 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్ట్‌లు (సహచరుడి స్కోరుకు దారితీసిన పాస్‌లు). 55 ఏళ్ల తర్వాత రస్సెల్ వెస్ట్‌బ్రూక్ 2016-17లో ఆ ఘనత మళ్లీ సాధించాడు. అతడి రీబౌండ్లు 10.7 మాత్రమే. కానీ దొరికే రీబౌండ్లే తగ్గిపోయిన కాలంలో అవి రాబర్ట్‌సన్ వాటా కంటే పెద్ద వాటా.

రసెల్ విషయంలో ఇంత మాత్రం లెక్క కూడా కుదరదు. బ్లాక్‌లు (షాట్‌ను అడ్డుకోవడం), స్టీల్స్ (బంతి లాక్కోవడం) రాయడం 1973-74లో మొదలైంది. డిఫెన్స్‌తోనే పేరు తెచ్చుకున్న ఆటగాడి డిఫెన్స్‌కు అంకెలే లేవు.

ఎవరి కాలంలో ఆట సులువు?

'ఇప్పుడు డిఫెన్సే లేదు, చెయ్యి తగిలితే ఫౌల్' అన్నది పాత అభిమానుల ప్రధాన ఫిర్యాదు. ఇందులో నిజం ఉంది. బంతితో వచ్చే ఆటగాడిని చేత్తో అడ్డుకుని దారి మళ్లించడంపై 2004-05 నుంచి రిఫరీలు కఠినంగా ఉన్నారు. అంతకుముందు సీజన్‌లో లీగ్ సగటు స్కోరు 93.4కు పడిపోవడమే ఆ మార్పుకు కారణం. ప్రేక్షకులు విసుగెత్తారు.

రెండో వైపు నిజం తక్కువగా వినిపిస్తుంది. 2001 వరకు 'ఇల్లీగల్ డిఫెన్స్' నిబంధన ఉండేది. అంటే డిఫెండర్ తన మనిషిని వదిలేసి వచ్చి ఖాళీ చోటును కాపలా కాయకూడదు. జోర్డాన్ ఒక పక్కన బంతి పట్టుకుంటే మిగతావాళ్లు రెండో పక్కకు పోయేవారు, వాళ్ల వెంట డిఫెండర్లూ పోక తప్పేది కాదు. ఆ నిబంధన పోయాక షై లాంటి ఆటగాడు బంతి పట్టుకోగానే ఇద్దరు ముగ్గురు అతడి దారిలో నిలబడి ఉంటారు. ఎదురుగా ఉన్న ఒక్కడు కఠినంగా ఉండటం అప్పటి ఇబ్బంది. వెనక ముగ్గురు కాచుకుని ఉండటం ఇప్పటి ఇబ్బంది.

త్రీపాయింట్ గీతతో (దాని అవతల నుంచి పడిన షాట్‌కు మూడు పాయింట్లు, దాన్నే త్రీ అంటారు) ఇంకో పెద్ద మార్పు వచ్చింది. ఆ గీత ఎన్‌బీఏలోకి 1979-80లో వచ్చింది. ఆ ఏడాది ఒక్కో జట్టు మ్యాచ్‌కు మూడు త్రీలకు కూడా ప్రయత్నించలేదు. 2024-25లో 37 దాటాయి. గురి విషయంలో తిరుగులేదనిపించుకున్న లారీ బర్డ్ తన కెరీర్‌లో ఏ సీజన్‌లోనూ వంద త్రీలు కొట్టలేదు. స్టెఫెన్ కర్రీ 2015-16లో 402 కొట్టాడు. బర్డ్‌కు గురి తక్కువై కాదు, ఆ షాట్ వేయమని ఏ కోచ్ చెప్పని కాలమది. నిబంధన ఆటగాడిని ఎంతగా మారుస్తుందో జోర్డాన్ దగ్గరే కనిపిస్తుంది: గీతను దగ్గరకు జరిపిన కాలంలో, 1995-96లో, అతడు 42.7 శాతం త్రీలు కొట్టాడు. కెరీర్ మొత్తం మీద అది 32.7 శాతమే.

ప్రతిభ ఎక్కడి నుంచి వస్తోందన్నదీ చూడాలి. రసెల్ మొదలుపెట్టినప్పుడు ఎన్‌బీఏ అంటే అమెరికన్ల లీగ్. ఇప్పుడు 120 మందికి పైగా విదేశీ ఆటగాళ్లున్నారు. 2018లో జేమ్స్ హార్డెన్ తర్వాత 2025 వరకు అమెరికాలో పుట్టిన ఎవరికీ ఎంవీపీ దక్కలేదు. గ్రీస్‌కు చెందిన యానిస్ అడెటోకుంబో, సెర్బియాకు చెందిన నికోలా యోకిచ్, కామెరూన్‌లో పుట్టిన జోయెల్ ఎంబీడ్, కెనడా వాడైన షై వరుసగా పంచుకున్నారు. పోటీ కోసం వల వేసే చెరువు పెద్దదైంది కాబట్టి సగటు ఆటగాడి స్థాయి పెరిగిందనడం సబబే. అందరికంటే పైనున్న ఒకరిద్దరి స్థాయి కూడా అంతే పెరిగిందా అంటే, పై లెక్కల్లో అలా కనిపించలేదు.

పదకొండు టైటిళ్లు ఎందుకు మళ్లీ రావు

బోస్టన్ సెల్టిక్స్ 1957 నుంచి 1969 వరకు 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచింది, అందులో వరుసగా ఎనిమిది. ఆ పదకొండింట్లోనూ రసెల్ ఉన్నాడు. 1957లో లీగ్‌లో ఉన్నవి 8 జట్లు. డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచిన సెల్టిక్స్ రెండే సిరీస్‌లు ఆడింది. టైటిల్‌కు ఏడు గెలుపులు సరిపోయాయి. ఇవాళ 30 జట్లు, నాలుగు సిరీస్‌లు, 16 గెలుపులు కావాలి.

ఒక జట్టు ఎంత బలమైనదంటే ఏ సిరీస్ అయినా గెలిచే అవకాశం దానికి 80 శాతం ఉందనుకుందాం. రెండు సిరీస్‌లైతే టైటిల్ అవకాశం 64 శాతం. నాలుగైతే 41 శాతం. జట్టు అదే, బలం అదే. వరుసగా మూడేళ్లు గెలవాలంటే మొదటి పద్ధతిలో నాలుగింట ఒక వంతు ఆశ ఉంటుంది, రెండో పద్ధతిలో 7 శాతం.

దీనికి తోడు ఆనాటి ఆటగాడు జట్టు మారాలన్నా మారలేడు. కాంట్రాక్టు ముగిసినా హక్కులు జట్టు దగ్గరే ఉండేవి. 1970లో రాబర్ట్‌సన్ పేరుతో ఆటగాళ్ల సంఘం కోర్టుకు వెళ్లింది, 1976లో రాజీ కుదిరింది. పూర్తి స్థాయి ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు ముగిశాక నచ్చిన జట్టుకు వెళ్లే హక్కు) 1988లో గానీ రాలేదు. రసెల్ బృందం అంతకాలం కలిసి ఉండటంలో యజమాని తెలివి, కోచ్ రెడ్ అవర్‌బాక్ చూపు ఎంత ఉన్నాయో, ఈ కట్టడి కూడా అంత ఉంది.

జీతాల గీతలు

1984-85లో వచ్చిన జీతాల పరిమితి 36 లక్షల డాలర్లు. అయితే సొంత ఆటగాడిని ఉంచుకోవడానికి ఆ పరిమితి దాటవచ్చన్న మినహాయింపు ఉంది. 1997-98లో జోర్డాన్ ఒక్కడి జీతం 3.3 కోట్ల డాలర్లు. ఆ ఏడాది జట్టు మొత్తానికి ఉన్న పరిమితి 2.7 కోట్లు! అదే జట్టులో రెండో స్టార్ స్కాటీ పిపెన్ పాత కాంట్రాక్టు వల్ల 30 లక్షల లోపే తీసుకున్నాడు. బుల్స్ ఆరు టైటిళ్ల కథలో ఈ రెండు జీతాలకూ చోటుంది. 1999 తర్వాత ఒక్కో ఆటగాడికి గరిష్ఠ జీతం నిర్ణయించారు, ఇప్పుడు అది కాంట్రాక్టు మొదటి ఏడాదిలో సాధారణంగా పరిమితిలో 35 శాతం మించదు.

వారియర్స్ కెవిన్ డ్యురాంట్‌ను తెచ్చుకోవడం వెనకా ఇలాంటి లెక్కే ఉంది. కొత్త టీవీ ఒప్పందం డబ్బు రావడంతో 2016లో పరిమితి 7 కోట్ల నుంచి ఒక్కసారిగా 9.4 కోట్లకు ఎగిరింది. 73 గెలిచిన జట్టుకు మరో మాజీ ఎంవీపీని తీసుకునే చోటు దొరికింది. అలాంటిది మళ్లీ జరగకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదని తర్వాత రాసుకున్నారు.

2023 ఒప్పందంతో వచ్చిన 'రెండో ఏప్రాన్' (జట్టు జీతాల ఖర్చుకు పరిమితి కంటే పైన గీసిన గీత) అన్నిటికంటే కఠినమైనది. 2025-26లో పరిమితి 15.5 కోట్ల డాలర్లయితే, ఈ రెండో గీత 20.8 కోట్ల దగ్గర ఉంది. దాన్ని దాటిన జట్టు డబ్బు కట్టి బయటపడలేదు. ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక ఖరీదైన ఆటగాడిని మార్పిడిలో తెచ్చుకోలేదు, బయటి నుంచి మంచి ఆటగాడికి చెప్పుకోదగ్గ జీతం ఇవ్వలేదు, ఏడేళ్ల తర్వాతి డ్రాఫ్ట్ పిక్ (కొత్త ఆటగాడిని ఎంచుకునే వంతు) కూడా మార్పిడికి పనికిరాకుండా స్తంభించిపోతుంది. 2024 చాంపియన్ సెల్టిక్స్ 2025 వేసవిలో జ్రూ హాలిడే, క్రిస్టాప్స్ పోర్జింగిస్ ఇద్దరినీ వదులుకుంది. జీతాలు మితిమీరినందుకు లీగ్‌కు కట్టే పన్నుతో కలిపి ఖర్చు 50 కోట్ల డాలర్లు దాటుతుందన్న అంచనా అందుకు కారణం.

2019 నుంచి 2025 వరకు ఏడేళ్లలో ఏడు వేర్వేరు చాంపియన్లు: టొరంటో, లేకర్స్, మిల్వాకీ, వారియర్స్, డెన్వర్, బోస్టన్, ఓక్లహోమా సిటీ. లీగ్ చరిత్రలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఇది నేటి ఆటగాళ్లకు పట్టుదల లేకపోవడం వల్ల కాదు. లీగ్ కోరుకున్నదే జరిగింది.

జోర్డాన్, లెబ్రాన్ లెక్క

జోర్డాన్ ఫైనల్స్‌లో ఆరుకు ఆరు, లెబ్రాన్ జేమ్స్ పదికి నాలుగు అన్న పోలిక బాగా తిరుగుతుంది. ఈ లెక్కలో ఫైనల్స్‌లో ఓడటం కంటే మొదటి రౌండ్‌లో ఓడటమే మేలైపోతుంది. జోర్డాన్ 1985, 1986, 1987లో మొదటి రౌండ్ దాటలేదు. ఆ ఓటములు ఈ లెక్కలో కనిపించవు.

అటువైపు 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ దాటిన కరీమ్ 38,387 పాయింట్ల రికార్డునూ జాగ్రత్తగానే చూడాలి. లెబ్రాన్ హైస్కూల్ నుంచి నేరుగా 18 ఏళ్లకే లీగ్‌లోకి వచ్చాడు. కరీమ్ నాలుగేళ్ల కాలేజీ చదువు తర్వాత వచ్చాడు, కెరీర్ మొత్తంలో కొట్టిన త్రీ ఒక్కటంటే ఒక్కటి. లెబ్రాన్ 2,500కు పైగా కొట్టాడు. జోర్డాన్ మధ్యలో రెండుసార్లు రిటైరయ్యాడు. నలభై ఏళ్ల వయసులోనూ ఆ స్థాయిలో ఆడటం మాత్రం లెబ్రాన్‌దే. దానికి పాత కాలంలో పోలిక లేదు, వైద్యం, ప్రయాణ సౌకర్యాలు ఎంత మెరుగయ్యాయని వాదించినా సరే.

థండర్ ముందున్న పరీక్ష

షైని, డ్రాఫ్ట్ పిక్‌లను 2019లో పాల్ జార్జ్‌ను ఇచ్చి తెచ్చుకుంది థండర్. జేలెన్ విలియమ్స్‌ను తీసుకున్నది అలా వచ్చిన పిక్‌తోనే. 2025 టైటిల్ గెలిచినప్పుడు విలియమ్స్, చెట్ హోమ్‌గ్రెన్ ఇద్దరూ ఇంకా కొత్త ఆటగాళ్ల చవక కాంట్రాక్టుల్లో ఉన్నారు. ఆ వేసవిలోనే ఇద్దరికీ ఐదేళ్లకు 20 కోట్ల డాలర్లకు పైగా, షైకి నాలుగేళ్లకు 28.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. మొదటి రెండు ఒప్పందాలు 2026-27 నుంచి, షైది 2027-28 నుంచి అమల్లోకి వచ్చేలా కుదిరాయి. చేతిలో ఇంకా బోలెడు డ్రాఫ్ట్ పిక్‌లున్నాయి. ఖరీదైన ముగ్గురి చుట్టూ ఏటా చవకగా కుర్రాళ్లను మారుస్తూ రెండో ఏప్రాన్ కింద నిలబడటం సాధ్యమేనా అన్నది ఇప్పటిదాకా ఏ చాంపియన్ జట్టూ తేల్చలేదు. సియాటిల్, లాస్ వెగాస్‌లకు కొత్త జట్లు ఇస్తారన్న మాటా నడుస్తోంది. అది నిజమైతే 1995-96లో లాగే ప్రతిభ మళ్లీ పలచబడుతుంది, బలమైన జట్ల గెలుపుల సంఖ్య పెరుగుతుంది. అప్పుడు 73 రికార్డు పోయినా, బుల్స్‌కు ఇప్పుడు అంటిస్తున్న 'కొత్త జట్లు' సాకును ఆ జట్టుకూ అంటించాల్సి వస్తుంది.